చెయ్యి అందినంత మేర

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందిన రెండు నెలలకు జవాబు రాస్తున్నాను, మన్నించు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, తమ్ముడు బందరు బదిలీ అయ్యాడు, మిగిలిన కబుర్లు తరువాత రాస్తాను. నిన్న తరగతిలో జరిగిన సంగతి నీకు చెబితే గాని నా మనసు కుదుటపడదు.

ఈ వేసవిలో పిల్లల చేత ఆస్ట్రియా చిత్రకారుడు హుండర్ట్‌వాసర్ బాణీలో ఊరి బొమ్మ వేయిస్తున్నాను. 1928లో వియన్నాలో పుట్టిన ఆయన అసలు ఇంటిపేరు స్టోవాసర్. స్లావిక్ భాషల్లో ‘స్టో’ అంటే వంద కాబట్టి, దాన్ని జర్మన్‌లోకి మార్చి ‘నూరు నీళ్ళు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడని చెప్పగానే, పిల్లలందరూ తమ ఇంటిపేర్లను ముక్కలు చేసి అర్థాలు వెతకడం మొదలుపెట్టారు. సరళరేఖ ఆయనకు గిట్టదు గనుక ముందుగా స్కేళ్ళన్నీ నా సంచిలో వేసుకున్నాను. నల్ల ఆయిల్ పాస్టెల్‌తో గట్టిగా ఒత్తి గీయించి, దాని మీద వాటర్ కలర్ పూయించాను. పాస్టెల్‌లోని మైనం నీటిని అంటనివ్వదు గనుక రంగు గీత దాటదు, దానితో చిన్న చేతులకు ధైర్యం వస్తుంది. ఉల్లిగడ్డల్లాంటి గోపురాలకు చాక్లెట్ల మెరుపు కాగితాలు అంటించాము. ఊరు మాత్రం మన బెజవాడే. మెట్లు మెట్లుగా కొండెక్కిన ఆ ఇళ్ళకు ఒక్క గీత అయినా తిన్నగా అవసరం లేదు కదా!

ఒక తొమ్మిదేళ్ళ పిల్ల మాత్రం కాగితం ముట్టలేదు. వంకరగా గీస్తే మార్కులు పోతాయని దాని భయం. నాకు మన డ్రాయింగు పరీక్ష, నీ ఏడుకాళ్ళ కుర్చీ గుర్తొచ్చాయి. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని కిటికీ హక్కు గురించి చెప్పాను. ఇంట్లో ఉండే మనిషికి తన కిటికీలోంచి బయటికి వంగి, చెయ్యి అందినంత మేర గోడకు తనకు నచ్చిన రంగు వేసుకునే హక్కు ఉండాలని ఆయన 1958లోనే ప్రకటించాడు.

అది చాలాసేపు ఆలోచించి, “మాది అద్దె ఇల్లు టీచర్, మేకు కూడా కొట్టనివ్వరు,” అన్నది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆయన ఆ హక్కు అడిగింది అద్దెకుండే వాళ్ళ కోసమే! నేను ఏళ్ళుగా చెబుతున్న పాఠంలో నాకు అందని ముడిని ఆ పిల్ల ఒక్క మాటతో విప్పింది. ఆ మాటే చెప్పాను. అది లేచి, తరగతి కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి బయటికి చాచి, గోడ మీద ఎంతవరకు అందుతుందో చూసుకుంది. క్షణంలో ఇరవై రెండు చేతులు అన్ని కిటికీల్లోంచి బయటికి వచ్చాయి. కింద నుంచి చూసిన వాళ్ళు ఏమనుకున్నారో గాని, నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

తరువాత అది తన ఇల్లు గీసింది. ఇల్లంతా ఓనరు వేయించిన బూడిద రంగే. నాయనమ్మ కూర్చునే కిటికీ చుట్టూ మాత్రం, ఒక చెయ్యి పొడవున, నెమలికంఠం రంగు, దాని మీద పసుపు చుక్కలు. ఆ చేతి పొడవు ఎలా కొలిచిందంటే... అది బొమ్మ చూపిస్తే గాని అర్థం కాదు, ఫొటో తీసి పంపిస్తాను.

సోమవారం ఆ పిల్ల నాయనమ్మ బొమ్మ చూడటానికి వస్తానని కబురు పంపింది. ఆవిడ ఏమంటుందో వెంటనే రాస్తాను. పిల్లలు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది, రంగులు కలపాలి, ఉంటాను.

నీ
ఏడోకాలు