వార్షిక నివేదిక (క్యాన్సర్ అవగాహన సంఘం సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌పై జరిపిన ఒకరోజు తరగతి. ఎర్ర రిబ్బను 9వ క్రోమోజోము, పచ్చ రిబ్బను 22వది అనుకుని, కొసలు కత్తిరించి ఒకదాని ముక్క ఇంకోదానికి కుట్టి చూపించాం. ఆ అతుకు దగ్గరే బీసీఆర్-ఏబీఎల్ జన్యువు పుడుతుంది. దాని ప్రొటీను తెల్లకణాలను ఆగకుండా పెరగమంటూనే ఉంటుంది. పొట్టిబారిన 22వ క్రోమోజోమును 1960లోనే గుర్తించారు. ముక్కలు తారుమారయ్యాయని 1973లో అమెరికా జన్యుశాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు. ఆ ప్రొటీనుకు అడ్డుపడే ఇమాటినిబ్ మాత్రకు అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది.

‘మరి అన్ని క్యాన్సర్లకూ ఇలాంటి మాత్ర ఏది?’ అని తరగతికి వచ్చినవారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. చాలా గడ్డల్లో జన్యుమార్పులు ఒకటితో ఆగవు. ఒక దారి మూస్తే కణం ఇంకోటి వెతుక్కుంటుంది. ఒంట్లో బాగానే ఉందని మాత్ర ఎగ్గొట్టినా ముప్పే, మందుకు లొంగని కణాలు పైచేయి సాధించవచ్చు.

బయాప్సీ (పరీక్షకు గడ్డలోంచి చిన్న ముక్క తీయడం) కరపత్రం కూడా వేశాం. ముక్కను పాడవకుండా ఉంచే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ద్రవంలో వేయాలి, ద్రవం ముక్కకు పదిరెట్లుండాలి. రొమ్ము గడ్డ ముక్క గంటలోపు అందులో పడాలి, 6 నుంచి 72 గంటలు నానాలి. సెలైన్‌లో వదిలేస్తే ముక్క పాడై హెర్2 (గడ్డ కణాలపై ఉండే ఒక ప్రొటీను) పరీక్ష ఫలితాన్ని నమ్మలేం; ఆ ప్రొటీనుపై పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు ఎవరికి పనికొస్తుందో తేల్చేది ఆ ఫలితమే.

కీమో తీసుకునేవారికి జ్వరం కార్డులు పంచాం. 38 డిగ్రీలు (100.4 ఫారెన్‌హీట్) దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికే. కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల ముదురుతుంది.

హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకా శిబిరం జరగలేదు. అనుమతి కోరుతూ పంపిన లేఖలకు సంబంధిత అధికారుల నుంచి ఒక్క జవాబూ లేదు. పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది తరగతి రోజున ఫోను కూడా ఎత్తలేదు. వచ్చిన కొద్దిమందే కుర్చీలు వేశారు, రిబ్బన్లు కుట్టారు, చివర హాలు ఊడ్చారు.

ఉచితంగా బోధించిన వైద్యులకు, కరపత్రాలు సరిచూసిన పాథాలజిస్టుకు, హాలు ఇచ్చిన దాతలకు, ముఖ్యంగా నర్సులకు కృతజ్ఞతలు. జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి, ఆమోదించ ప్రార్థన.

జ్వరం కార్డులు ఇంకా రెండు కట్టలు మిగిలాయి. పంచుతామని పేర్లిచ్చినవారు సమావేశం కాగానే తీసుకెళ్ళగలరు.