ప్రెస్కాట్ జీతం సంగతి

ఫ్రిస్కో, టెక్సాస్
అక్టోబరు 2025

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఉద్యోగం మామూలుగానే నడుస్తోంది. వీసాల గురించి టీవీలో వచ్చేవన్నీ చూసి నిద్ర పాడుచేసుకోవద్దని అమ్మతో చెప్పండి. కందిపొడి చేరింది. గోంగూర సీసా మూత దగ్గర కారింది, ఈసారి మూతకి కవరు చుట్టి టేపు వేయమనండి.

మొన్న ఫోన్లో "బంతి విసిరేవాడికి రెండు వేల కోట్లా, ఆ యజమానికి మతి ఉందా" అన్నారు. అంతలో లైను తెగింది. ఫోన్లో చెబితే మీరు మధ్యలో అడ్డుకుంటారు, కాగితం మీదైతే చివరిదాకా చదువుతారు, అందుకే రాస్తున్నాను.

ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి 2024 సెప్టెంబరులో నాలుగేళ్లకి 24 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అందులో 23.1 కోట్లు గ్యారంటీ అని పేపర్లు వేశాయి. అదంతా ఒకే రకం గ్యారంటీ కాదు. సంతకం పెట్టిన రోజుకే ఏం జరిగినా ఇవ్వాల్సింది 12.9 కోట్లు. మిగతాది మొదట దెబ్బ తగిలితేనే ఇస్తామనే హామీ. ఫలానా మార్చి తేదీకి జట్టులో ఉంటే అది పూర్తి గ్యారంటీగా మారుతుంది. మీరు బ్యాంకులో పనిచేసినవారు, షరతులు చదవకుండా పెద్ద అంకె చూసి కంగారు పడితే ఎలా?

ఇక్కడ జట్టుకి జీతాల మీద పరిమితి ఉంది. 2024లో 25.54 కోట్ల డాలర్లు. ఏడాదికి సగటున 6 కోట్లు అంటే అందులో నాలుగో వంతుకి కాస్త తక్కువ. లక్నో వాళ్లు 120 కోట్ల రూపాయల పర్సులో పంత్ ఒక్కడికే 27 కోట్లు పెట్టినప్పుడు మీరు కిక్కురుమనలేదు. లెక్క దాదాపు అంతే. కాకపోతే అక్కడ పాతిక మంది, ఇక్కడ 53 మంది. పైగా క్వార్టర్‌బ్యాక్ అంటే మన కెప్టెన్ కంటే కూడా ఎక్కువ. జట్టు దాడికి దిగిన ప్రతిసారీ బంతి దాదాపుగా అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, తనే పట్టుకుని పరుగెత్తాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి.

అసలు మెలిక బోనస్‌లో ఉంది. సంతకం బోనస్ 8 కోట్లు. డబ్బు ముందే ఆటగాడికి పోతుంది, పరిమితి లెక్కలో మాత్రం ఐదేళ్ల వరకు పంచుకోవచ్చు, ఏడాదికి 1.6 కోట్లు. మధ్యలో అతన్ని తీసేస్తే ఇంకా లెక్కకి రాని వాటా అంతా ఒకటి రెండేళ్లలోనే నెత్తిన పడుతుంది, ఆడని మనిషి పేరు మీద. డెన్వర్ వాళ్లు 2024లో తమ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని పంపించేసి 8.5 కోట్లు రెండేళ్ల పద్దులో అలాగే మోశారు. ఏ ఏడైనా ఇరుకున పడితే ఆ ఏటి జీతంలో చాలా భాగాన్ని బోనస్‌గా మార్చి ముందుకు నెడతారు. మనవాళ్లు నోటు తిరగరాసినట్టే. డాలస్ ఈ మార్చిలో ప్రెస్కాట్ విషయంలో అదే చేసింది. అలా నెట్టిన కొద్దీ అతన్ని వదిలించుకోవడం ఖరీదవుతుంది.

అమ్మ మోకాలి ఎక్స్‌రే తీయించారా? తీయిస్తాం అని పోయినసారి కూడా అన్నారు.

ఇంత ఇవ్వచ్చా అంటే, నా మటుకు ఇవ్వచ్చు, కానీ ఆ సమయంలో కాదు. ప్రెస్కాట్ 2016 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, నాలుగో రౌండులో వచ్చిన కుర్రాడు. మూడేళ్లు ఆడాక ఒప్పందం పొడిగించుకునే వీలుండేది. బేరం తెగలేదు, 2020లో ట్యాగ్ మీద, అంటే ఆటగాణ్ని వేరే జట్టుకి పోనివ్వకుండా ఒక్క ఏడాదికి కట్టేసే పద్ధతిలో, 3.14 కోట్లకి ఆడించారు. చీలమండ విరిగింది. అయినా 2021లో 16 కోట్లు ఇచ్చారు, అతని అనుమతి లేకుండా వేరే జట్టుకి పంపం, మళ్లీ ట్యాగ్ వేయం అన్న షరతులతో సహా. ఇక 2024 వచ్చేసరికి యజమాని జెర్రీ జోన్స్ చేతిలో ఏ అస్త్రమూ లేదు, సీజన్ తొలి మ్యాచ్ రోజున సంతకం పెట్టాల్సి వచ్చింది. కాన్సస్ సిటీ 2020లోనే తన క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని పదేళ్లకి 45 కోట్లకి కట్టేసుకుంది. అప్పటి పరిమితి 19.82 కోట్లు, 2025లో 27.92. ముందు కొన్నవాడికి ఏటేటా చవకవుతుంది.

ప్రెస్కాట్ 2024లో ఎనిమిది మ్యాచ్‌లే ఆడాడు, తొడ వెనక కండరం తెగి శస్త్రచికిత్స. ప్లేఆఫ్స్‌లో అతని లెక్క రెండు గెలుపులు, ఐదు ఓటములు. మీ కోపంలో కొంత న్యాయం ఉంది, కాదనను.

కానీ నిజంగా మునిగిన కేసు చూడాలంటే క్లీవ్‌ల్యాండ్. 2022లో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కి 23 కోట్లు, ప్రతి డాలరూ పూర్తి గ్యారంటీ. పైగా అతని కోసం మూడు మొదటి రౌండు పిక్‌లు (డ్రాఫ్ట్‌లో కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) అతని పాత జట్టు హ్యూస్టన్‌కి ఇచ్చారు. అప్పటికే అతని మీద ఇరవైకి పైగా సివిల్ కేసులున్నాయి. 11 మ్యాచ్‌ల నిషేధం, తర్వాత భుజం, ఆ తర్వాత మడమ వెనక ఉండే స్నాయువు దెబ్బతిన్నాయి. మూడు సీజన్లలో ఆడినవి 19. డబ్బుతో పాటు పిక్‌లూ పోయాయి, అంటే తక్కువ జీతానికి దొరికే కుర్రాళ్లూ పోయారు. జట్టు నిజంగా గుల్లయ్యేది అక్కడే. అందుకే మరుసటి ఏడు లమార్ జాక్సన్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌కి కూడా 26 కోట్లలో 18.5 మాత్రమే గ్యారంటీ ఇచ్చారు. యజమానులకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రాబోయే ఏళ్ల గ్యారంటీ సొమ్ములో చాలా భాగం ముందే విడిగా జమ చేయాలి.

డాలస్ మాత్రం ప్రెస్కాట్‌తో చేసినట్టే బేరం నాన్చే పొరపాటు ఈ ఆగస్టులో డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్ దగ్గరా చేసింది. ప్రెస్కాట్ జీతం వల్లే అతను వెళ్లాడని నేను అనను, నాన్చడం వల్ల వెళ్లాడు. గ్రీన్ బే అతనికి 18.8 కోట్ల ఒప్పందం ఇచ్చి తీసుకుపోయింది. సరిగ్గా నెలకి ఆ జట్టే ఇక్కడికి ఆడటానికొస్తే స్కోరు 40-40. నలభై కొట్టించిన క్వార్టర్‌బ్యాక్‌ని తప్పుపట్టగలమా? నలభై ఇచ్చుకున్న డిఫెన్స్ సంగతి చూడాలి గాని.

బాబాయి చిట్టీకి జామీను సంతకం అడుగుతున్నాడని అక్క చెప్పింది. కోప్పడకండి, కాగితం ఫోటో తీసి ముందు నాకు పంపండి. ఎన్ని వాయిదాలు మిగిలాయి, పాట ఎంతకి పాడాడు, ఇంకో జామీనుదారు ఎవరు, ఈ మూడూ అందులో ఉండాలి. బీపీ మాత్రలు అయిపోవస్తుంటే రెండు రోజుల ముందే తెప్పించుకోండి.

మీ
చిన్నోడు