దేశం పేరు వాడుకునేవాళ్ళు ముందు తమ పేరు చెప్పాలి

సంపాదకులకు,

నమస్కారం.

మా వాకింగ్ గ్రూపులో రెండు వారాలుగా ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. మూడు రంగుల నాణెం బొమ్మ, దాని కింద ‘ప్రతి భారతీయుడికీ ఉచితం’ అని రాసి ఉంది. లింకు నొక్కి ఆధార్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపితే కొన్ని కాయిన్లు మన పేర జమ అవుతాయట. ఇంకో పదిమందిని చేర్పిస్తే మరికొన్ని ఇస్తారట. ఇచ్చేదెవరని అడిగాను. “ఎవరో పెద్ద కంప్యూటర్ సైంటిస్టటండీ, భద్రత కోసం పేరు బయటపెట్టరట” అన్నారు ఒక రిటైర్డ్ మాస్టారు. “మన జేబులోంచి రూపాయి పోవడం లేదు కదా, వస్తే వస్తాయి, లేకపోతే లేదు” అన్నారు ఇంకొకరు.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 2014లో ఐస్‌లాండ్‌లో ఒక పెద్ద ప్రయోగమే జరిగింది. దాని గురించి మన పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

2008 అక్టోబరులో ఆ దేశంలోని మూడు పెద్ద బ్యాంకులు వారం తిరక్కుండా కూలిపోయాయి. వాళ్ళ కరెన్సీ క్రోనా విలువ పడిపోయింది. నవంబరులో ప్రభుత్వం విదేశీ మారకం మీద ఆంక్షలు పెట్టింది. అవి చాలావరకు తొలగిపోవడానికి 2017 మార్చి దాకా పట్టింది. కష్టపడి దాచుకున్న డబ్బును స్వేచ్ఛగా దేశం దాటించలేని స్థితిలో జనానికి బ్యాంకుల మీదా, ప్రభుత్వం మీదా కోపం ఉండడం సహజం. బ్యాంకులో 34 ఏళ్ళు పనిచేసిన నాకు ఆ కోపం బాగా అర్థమవుతుంది. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికే దాని వేడి ముందు తగిలేది.

ఆ సమయంలో అరోరాకాయిన్ అనే క్రిప్టోకరెన్సీ, అంటే కంప్యూటర్లలో మాత్రమే ఉండే ప్రైవేటు డబ్బు, వచ్చింది. రాజకీయ నాయకుల చేతిలో లేని సొంత డబ్బు ఇస్తామన్నారు. దేశంలో ప్రతి ఒక్కరికీ 31.8 నాణేలు ఉచితం. పంపిణీ 2014 మార్చి 25న మొదలవుతుందని చెప్పారు. సృష్టికర్త పేరు బాల్దుర్ ఫ్రిగ్గియార్ ఓడిన్సన్. ఇది మనిషి పేరు కాదు. అక్కడి పురాణాల్లో ఓడిన్ దేవుళ్ళకు పెద్ద, ఫ్రిగ్ అతని భార్య, బాల్దుర్ వాళ్ళ కొడుకు. మన దగ్గర ఎవరైనా ‘కుమారస్వామి, తండ్రి శివుడు, తల్లి పార్వతి’ అని సంతకం పెట్టి దేశం మొత్తానికి డబ్బు పంచుతానంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

లెక్క చూడండి. మొత్తం పుట్టాల్సిన నాణేలు 2.1 కోట్లు. అందులో సగం, అంటే 1.05 కోట్లు, మొదలుపెట్టక ముందే తయారుచేసి ఆ అజ్ఞాత వ్యక్తి తన దగ్గర పెట్టుకున్నాడు. దేశ జనాభా దాదాపు 3.3 లక్షలు. తలా 31.8 చొప్పున పంచితే ఆ సగం సరిపోతుంది. లెక్క తేడా లేదు. కానీ ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉందో మాత్రం దేశంలో ఎవరికీ తెలియదు.

పంపిణీకి ముందే, మార్చి మొదట్లో, ఒక్కో నాణెం ధర తొంభై డాలర్లు దాటింది. అప్పటికి జనం చేతికి ఉచిత నాణెం ఒక్కటి కూడా అందలేదు. కంప్యూటర్లతో లెక్కలు చేయించి కొందరు సంపాదించి (దీన్నే ‘తవ్వడం’ అంటారు) మార్కెట్లో తిప్పుతున్న కొద్దిపాటి నాణేల ధరతో పెట్టెలో ఉన్నవాటిని కూడా హెచ్చవేసి, దీని విలువ ఇన్ని కోట్ల డాలర్లని రాసుకున్నారు. ఐస్‌లాండ్ కేంద్ర బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. పార్లమెంటులో ఆర్థిక వ్యవహారాల కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న ఫ్రోస్టి సిగుర్యోన్సన్ ఇందులో మోసం లక్షణాలున్నాయని బహిరంగంగా రాశారు. పంపిణీ మొదలయ్యేసరికే ధర బాగా దిగింది, మొదలైన ఒకటి రెండు రోజుల్లో సగానికి పడింది. తీసుకున్నవాళ్ళలో చాలామంది వెంటనే అమ్ముకున్నారు. నమ్మకం లేనివాళ్ళు ఇంకేం చేస్తారు?

మా అబ్బాయి ఒక వాదన చేశాడు. “మొట్టమొదటి క్రిప్టోకరెన్సీ బిట్‌కాయిన్ పెట్టిన సతోషి నకమోటో ఎవరో కూడా ఎవరికీ తెలియదు కదా నాన్నా?” అన్నాడు. మంచి ప్రశ్న. కానీ 2009లో బిట్‌కాయిన్ మొదలైనప్పుడు ముందే తయారుచేసి దాచుకున్న సగం వాటా అంటూ లేదు. ప్రోగ్రాం అందరి ముందూ ఉంది, కంప్యూటర్ ఉన్న ఎవరైనా తవ్వుకోవచ్చు. అక్కడ మనిషిని నమ్మాల్సిన అవసరం తక్కువ. అరోరాకాయిన్‌లో సగం ఒకే చేతిలో ఉంది. ఆ మనిషి మాట మీద నిలబడతాడా లేదా అన్నదే మొత్తం విషయం. అలాంటప్పుడు పేరు దాచడం పనికిరాదు.

అబ్బాయి ఇంకో మాట కూడా అన్నాడు. చివరికి పంపిణీ జరిగింది కదా, మరో రెండు విడతలు కూడా ఇచ్చారు కదా, 2015లో మిగిలినవాటిని నాశనం చేశారు కదా అని. నిజమే, ఒప్పుకుంటాను. అయినా ఆ రోజు అనుమానపడ్డవాళ్ళది తప్పు కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వంద రూపాయలతో ఖాతా తెరవాలన్నా పాత ఖాతాదారు ఒకరు పరిచయ సంతకం పెట్టాలి. వచ్చినవాడు దొంగ అని కాదు, రేపేదైనా జరిగితే అడగడానికి ఒక మనిషి ఉండాలని. తొంభై డాలర్లు పెట్టి కొని నష్టపోయిన ఐస్‌లాండ్ కుర్రాడు ఎవరి తలుపు తట్టాలి?

మన అగ్రిగోల్డ్ సంగతి గుర్తు చేసుకోండి. లక్షల కుటుంబాలు దెబ్బతిన్నాయి, ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాయి. అయినా కేసు పెట్టడానికి పేర్లున్నాయి, జప్తు చేయడానికి ఆస్తులున్నాయి. అన్నీ ఉన్నా ఇంత అవస్థ అయితే, పేరే లేనివాడి మీద కానిస్టేబుల్ ఏమని కేసు రాసుకుంటాడు?

రిజర్వ్ బ్యాంకు 2013 డిసెంబరులోనే ఇలాంటి కరెన్సీల గురించి ప్రజలను హెచ్చరించింది. 2022 డిసెంబరు నుంచి తనే డిజిటల్ రూపాయిని ప్రయోగాత్మకంగా మామూలు జనానికి అందిస్తోంది. దాని వెనుక ఎవరున్నారో అందరికీ తెలుసు. అందుకే జెండా రంగులు పూసిన ప్రైవేటు కాయిన్‌ను చూసి మా మాస్టారు లాంటివాళ్ళు ‘ఇదీ గవర్నమెంటుదే’ అనుకుంటున్నారు. దేశం పేరో, జెండానో వాడుకుని, గుర్తింపు కార్డులు అడిగి నాణేలు పంచేవాళ్ళు తమ పేరు, చిరునామా, తమ దగ్గర ఉంచుకున్న వాటా ప్రకటించాలని ప్రభుత్వం కచ్చితమైన నిబంధన పెట్టాలి. మీ పత్రిక కూడా అలాంటి వివరాలు లేని ప్రకటనలు వేసుకోకూడదని నా విన్నపం. పేపర్లో వచ్చిందంటే చాలు, మా ఊళ్ళో సగం మంది నమ్మేస్తారు.

మా వీధిలో ఆధార్ ఫొటోలు పంపినవాళ్ళు నాకు తెలిసి పదకొండు మంది. ఎవరికి పంపారండీ అని ఒక్కొక్కరినీ అడిగాను. లింకు చూపించారే తప్ప పేరు ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
తెనాలి