సపోర్ట్ ప్రాజెక్ట్‌లో పడ్డ మా అబ్బాయికి

చిన్నా,

ఆదివారం ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. నాన్న "సర్దుకుంటాడులే" అని టీవీ వైపు తిరిగిపోయారు కానీ నాకే ఊరుకోబుద్ధి కాలేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు గుర్తు ఒకటి పంపి వదిలేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆన్‌కాల్, అదే ఆ రాత్రి అలర్టుల డ్యూటీ, లేని రోజు చూసుకుని చదువు.

నీతో పాటు చేరినవాళ్ళంతా ఏఐ టీముల్లోకి వెళ్ళారు, నిన్ను మాత్రం ఇరవై ఏళ్ళ నాటి బిల్లింగ్ సిస్టమ్ సపోర్ట్‌లో పడేశారు. అదీ నీ బాధ. "ఆ కోడ్ చూస్తే కడుపులో తిప్పుతోందమ్మా, రాసినవాళ్ళెవరో దొరికితే బాగుండు" అన్నావు. అలాంటివి రాసినవాళ్ళలో మీ అమ్మ కూడా ఉంది, కాబట్టి కాస్త మర్యాద.

నేను చేరినప్పుడు నాకూ ఇదే ఇచ్చారు. 1998లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష కోర్సు పోస్టరే. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న ప్రోగ్రాములు 2000 రాగానే 1900 అనుకుంటాయని ప్రపంచమంతా టెన్షన్ పడుతున్న రోజులు. వాటిని సరిచేయడానికి మనుషులు కావాలి, మనవాళ్ళు దొరికారు. కంప్యూటర్ ముఖం చూడని సివిల్ ఇంజనీర్లు కూడా కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కేశారు. నేను ఎక్కలేదు. ఇక్కడే కూర్చుని ఒక అమెరికా బీమా కంపెనీ ప్రోగ్రాములు లైను లైనూ చదివాను.

రెండంకెలు వాడినవాళ్ళు ముందుచూపు లేనివాళ్ళని అప్పట్లో అందరూ తిట్టేవారు. పంచ్ కార్డులో 80 కాలమ్‌లే ఉంటాయి. ఒక మనిషి వివరాలన్నీ అందులోనే ఇరికించాలి. ప్రతి రికార్డులో రెండంకెలు మిగిల్చడం ఆ రోజుకి సరైన లెక్కే. తాము రాసింది ముప్పై ఏళ్ళు బతుకుతుందని వాళ్ళలో ఎవరూ అనుకోలేదు, అంతే.

దాన్ని బాగుచేసిన పద్ధతి చెబితే నీకు నవ్వొస్తుంది. అన్ని చోట్లా నాలుగంకెలు చేయాలంటే ఫైళ్ళు, స్క్రీన్లు, రిపోర్టులు అన్నీ మార్చాలి, బోలెడు ఖర్చు. చాలామంది క్లయింట్లు దగ్గరి దారి పట్టారు: అంకె 50 కంటే తక్కువైతే 2000ల్లోది, ఎక్కువైతే 1900ల్లోది అనుకోమని ప్రోగ్రాముకి చెప్పడం. ఆ గీత ఒకరు 50 దగ్గర గీస్తే ఇంకొకరు 30 దగ్గర, మరొకరు 20 దగ్గర గీసుకున్నారు. అంటే అప్పు తీర్చలేదు, గడువు మార్చుకున్నారు. గడువులు అలా మీద పడుతూనే ఉంటాయి. 2020 జనవరి 1న న్యూయార్క్‌లో పార్కింగ్ మీటర్లు ఉన్నట్టుండి కార్డులు తీసుకోవడం మానేశాయి. వాటి పేమెంట్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన ఆఖరి తేదీ దాటిపోయింది, పొడిగించడం ఎవరికీ గుర్తు రాలేదు.

మీ తరానికి 2038 ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వచ్చే సిస్టములు ఆ అంకెను 32 బిట్లలో (బిట్టంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక గడి) దాచుకుని ఉంటే, 2,147,483,647 దగ్గర గిన్నె నిండిపోతుంది. మన టైములో అది 2038 జనవరి 19, మంగళవారం, ఉదయం 8:44 దాటిన 7వ సెకను. ఆ తర్వాత సెకనుకి అవి 1901కి వెళ్ళిపోతాయి. పెద్ద సర్వర్లు చాలావరకు 64 బిట్లకు మారిపోయాయి. భయమంతా గోడల్లో, మెషీన్లలో బిగించి మర్చిపోయిన చిన్న చిన్న డబ్బాల గురించే.

ఇక నీ కడుపులో తిప్పుతున్న సంగతి. ఆ బీమా ప్రోగ్రాముల్లో ఒకదానిలో, ప్రీమియం గడువు లెక్కగట్టే చోట, నాలుగు లైన్ల ఇఫ్ ఒకటి, అంటే "ఇలా అయితే ఇలా చెయ్యి" అనే షరతు, అడ్డంగా నిలబడి ఉండేది. నెల 02, రోజు 29 అయి, అది లీపు సంవత్సరం కాకపోతే, మార్చి 1 వద్దు, ఫిబ్రవరి 28 తీసుకో అని. పైన తేదీలు చూసుకునే రొటీన్ వేరే ఉంది. మళ్ళీ ఇది ఎందుకో అర్థం కాలేదు. దాని నెత్తిన ఒక కామెంటు: రెండు పొడి అక్షరాలు, ఒక తేదీ, "దీన్ని తీయకండి". మా టీమ్ లీడ్ తీసేద్దామన్నాడు. అదృష్టం కొద్దీ క్లయింటు వైపు ఒక పెద్దాయన ఇంకా రిటైర్ కాలేదు, ఆయన్ని అడిగాం. ఫిబ్రవరి 29న పుట్టిన ఒకాయనకి బిల్లు మీద గడువు మార్చి 1 అని వెళ్ళిందట, పాలసీ కాగితంలో మాత్రం ఫిబ్రవరి 28. ఆ ఒక్క రోజు తేడాతో పాలసీ రద్దయింది. తర్వాత ఆ మనిషి పోయాడు. ఇంట్లోవాళ్ళు కోర్టుకెళ్ళారు. ఆ గొడవంతా అయ్యాక పుట్టినవి ఆ నాలుగు లైన్లు.

నీ బిల్లింగ్ సిస్టమ్‌లో నీకు పిచ్చిగా కనబడే ఇఫ్‌లలో ఇలాంటివి కొన్ని ఉంటాయి. అన్నీ కావులే, కొన్ని శుద్ధ చెత్తే. ఏది ఏదో తెలియాలంటే పాత ఫిర్యాదుల టికెట్లు తవ్వాలి, పాతవాళ్ళతో టీ తాగాలి. నిన్ను అక్కడ వేసింది అందుకే అనుకో, బయట ఏ కోర్సులోనూ ఇది చెప్పరు.

అట్లాగని పాత కోడ్‌కి దణ్ణం పెట్టి కూర్చోమనడం లేదు. ఏరియన్ 5 రాకెట్ సంగతి మీ కాలేజీలో చెప్పే ఉంటారు, ఎలా చెప్పారో తెలియదు కాబట్టి మళ్ళీ చెబుతా. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి మొదటిసారి ఎగిరింది. దాని దిశ చూసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఏరియన్ 4 నుంచి తీసుకొచ్చారు, అక్కడ ఏళ్ళ తరబడి ఏ గొడవా చేయని కోడ్. అందులో అడ్డంగా వెళ్ళే వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల అంకెను 16 బిట్లలోకి కుదించే చోటు ఒకటుంది. 16 బిట్లలో 32,767 దాటి పట్టదు. ఏరియన్ 4 ఆ జోలికి ఎప్పుడూ పోలేదు. కొత్త రాకెట్ దూకుడు వేరు, దాటేసింది. దిశ చూసుకునే యూనిట్లలో బ్యాకప్‌ది ఆగిపోయింది, వెంటనే అసలుదీ ఆగిపోయింది, ఎందుకంటే రెండింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్. ఆగిపోతూ అది పంపిన ఎర్రర్ సమాచారాన్ని మెయిన్ కంప్యూటర్ నిజమైన దిశ అనుకుని రాకెట్‌ని మెలితిప్పింది. బయలుదేరి నిమిషం కాకముందే ముక్కలైపోయింది. నన్ను ఇప్పటికీ పీడించే విషయం ఏమిటంటే, నేల వదిలాక ఏరియన్ 5లో ఆ లెక్కకి అసలు పనే లేదు. పాతదానిలో ఉంది కదా అని తిరుగుతూ ఉండిపోయింది.

ప్రోగ్రామంటే, రాసినవాడు ప్రపంచం ఇలా ఉంటుందని అనుకున్నది. సంవత్సరం 19తోనే మొదలవుతుంది అనుకున్నాడు, వేగం ఇంతకు మించదు అనుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పనంతా ఆ "అనుకున్నాడు" ఎక్కడ దాక్కుందో వెతకడమే.

మన తెలుగువాళ్ళకి ఇది ఇంకా బాగా తెలియాలి, ఎందుకంటే ఎక్కువసార్లు ఆ అనుకోవడంలో మనం ఉండం. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు తెలుగు అక్షరం ఒకటి చూసి కుప్పకూలాయి, గుర్తుందా? జ్ఞ తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, దాని వెనక దీర్ఘం. ఆ వరుసలో మెసేజ్ వస్తే ఆ యాప్ తెరిచిన ప్రతిసారీ మూసుకుపోయేది. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ఊళ్ళో అందరూ తెలుగు పవర్ చూశారా అని ఫార్వర్డ్‌లు పెట్టుకుని మురిసిపోయారు. నాకు ఆ అక్షరాలతో టెస్ట్ చేయని టీమ్ కళ్ళ ముందు మెదిలింది.

పేర్ల సంగతి సరేసరి. మనకి ఇంటిపేరు ముందు, ఫారంలో మాత్రం అది చివర. పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవాళ్ళకి అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని దానర్థం. మీ బాబాయ్‌కి అక్కడి ఆఫీసు ఐడీ కార్డు మీద అదే పేరుగా దిగింది. కొన్నాళ్ళు ఆయన్ని "ఫ్ను" అని పిలిచారు, ఆయనా పలికాడు!

అమ్మమ్మది మాత్రం నవ్వులాట కాదు. వయసులో ఉన్నన్నాళ్ళూ మిరపకాయల తొడిమలు తీసిన చేతులవి. పోయినసారి ఒక కౌంటర్ దగ్గర వేలిముద్ర పడలేదు. ఆ అబ్బాయి గుడ్డతో వేలు తుడిచాడు, తలకి రాసుకోమన్నాడు నూనె అంటుతుందని, ఇంకో వేలు పెట్టమన్నాడు, చేయి మార్చమన్నాడు. మెషీన్ ఎర్ర లైటు వేస్తూనే ఉంది. వెనక క్యూలో గొణుగుడు. అమ్మమ్మ తప్పంతా తనదే అన్నట్టు వేళ్ళు చీరకి రుద్దుకుంటూ నిలబడింది. మనిషి వేలికి గీతలుంటాయని ఏ ఏసీ గదిలోనో ఎవరో అనుకున్నారు. వేలు పడకపోతే ఏం చేయాలో ఆ స్క్రీన్ మీద ఒక్క బటనూ లేదు. నువ్వు రాసే ప్రతి స్క్రీన్‌లోనూ ఆ బటన్ ఉండాలి, మేనేజర్ రిక్వైర్‌మెంట్‌లో లేదన్నా సరే.

మంచిది కూడా చెబుతా. మన వీధి చివర దోసెల బండి దగ్గర మాట్లాడే డబ్బా చూశావుగా. యూపీఐలో డబ్బు పడగానే "ముప్పై రూపాయలు అందాయి" అంటుంది. అతని చేతుల నిండా పిండి, కళ్ళు పెనం మీద. ఫోన్ తీసి చూసే తీరిక లేదు, కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్ నమ్మడానికి లేదు. ఈ మధ్య కాలంలో నేను చూసిన అన్నిటికంటే మంచి డిజైన్ అది. దాన్ని తలపెట్టిన మనిషెవరో తప్పకుండా ఒక బండి పక్కన కాసేపు నిలబడి ఉంటారు.

ఏఐ గురించి నన్ను పాతకాలం మనిషిగా జమకట్టకు, నేనూ వాడుతున్నాను. టెస్టులు రాయించడానికి, తెలియని లాంగ్వేజ్‌లో కోడ్ చదివించుకోవడానికి బాగుంటుంది. కానీ టైపింగ్ స్పీడ్ తక్కువై మునిగిన ప్రాజెక్ట్‌ని నేనైతే చూడలేదు. ఆ ఫిబ్రవరి 29 ప్రోగ్రాముని శుభ్రం చేయమని ఇస్తే ఆ నాలుగు లైన్లనీ కామెంటుతో సహా తీసేయగలదు, తీసేశాక ఎంత నీటుగా ఉందో కూడా చెబుతుంది. నువ్వు చదవని లైను నీ పేరు మీద ప్రొడక్షన్‌కి, అంటే జనం వాడే అసలు సిస్టమ్‌లోకి, వెళ్ళకూడదు. నా పట్టుదల ఇంతే.

చదవడమంటే ఎలాంటిదో 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ చూపించాడు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పట్టింది. నువ్వూ నేనూ అయితే నెట్ స్లో అనుకునేవాళ్ళం. అతను వదల్లేదు. వెళ్ళి వెళ్ళి ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో, అంటే అందరూ తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్‌లో, దొంగదారి దొరికింది. పెట్టినవాడు రెండేళ్ళు మంచివాడిలా సాయం చేసి, నమ్మకం సంపాదించి మరీ పెట్టాడు. లైనక్స్ సర్వర్లన్నిటికీ పాకకముందే బయటపడింది.

ఇంకొకటి, ఇది సలహా కాదు, అమ్మ మాట. ముందే టిక్ పెట్టి ఉన్న పెట్టె, కనబడకుండా దాచిన క్యాన్సిల్ బటన్, ఇలాంటివి రాయమంటే రాయనని చెప్పు. మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 రకాల మాయల్ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి "మా అమ్మ వద్దంది" అనక్కర్లేదు, ఆ కాగితం చూపించు. ఇంకో ఉద్యోగం వచ్చేదాకా ఇంటికొచ్చి కూర్చున్నా ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. నాన్న రెండు రోజులు అంటారు, అంతే.

రాత్రి రెండింటికి అలర్ట్ వస్తే లేచి చూడు, కానీ మర్నాడు పొద్దున్న లాగిన్ ఆలస్యంగా చెయ్యి. హీరో అనిపించుకోవడానికి వరసగా మేలుకుంటే తర్వాత ఆ డ్యూటీ నీకే రాసిపెట్టేస్తారు.

సంక్రాంతికి రైలు టికెట్ సంగతి మర్చిపోకు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఉదయం 8 గంటలకి. ప్రయాణికుల వివరాలు ముందురోజే సేవ్ చేసి పెట్టుకో. పేరు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టు, ఇంటిపేరు ముందు పెట్టి. అమ్మమ్మకి లోయర్ బెర్త్ పడేట్టు, ఆవిడనీ మీ అత్తయ్యనీ ఒకే టికెట్‌లో చేయి. వెయిటింగ్ లిస్ట్ అయితే వెంటనే ఫోన్ చెయ్యి, బస్సు చూస్తాను.

అమ్మ