పాత కంప్యూటర్లకు లినక్స్ ఉంది

సంపాదకులకు,

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, ముగిసింది. తెనాలిలో మాది కంప్యూటర్ మరమ్మతుల దుకాణం. అప్పటి నుంచి వచ్చినవారందరిదీ ఒకటే ప్రశ్న: ‘‘కొత్తది కొనక తప్పదా?’’ విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరైనా కావాలి. ఆరో తరం ఐ3 యంత్రం నిక్షేపంగా ఉన్నా అర్హత లేదట!

అలాంటివాటికి హార్డ్ డిస్క్ బదులు అంతకంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ బిగించి, విండోస్‌కు బదులు వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కిస్తున్నాను. ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపిస్తాను. వైఫై అందుతోందా, ప్రింటర్ కదులుతోందా అన్నది అక్కడే తేలిపోతుంది. నచ్చకపోతే తీసేయడమే, లోపలి ఫైళ్లు చెక్కుచెదరవు. తెలుగుకు, భారతీయ భాషల ప్రామాణిక అమరికైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. లైసెన్సు రుసుము లేదు.

చిక్కల్లా కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ వాళ్లతోనే. ఏళ్ల తరబడి చేసిన శుభలేఖలన్నీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర ప్రమాణం) కాని పాత ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ లినక్స్‌కు రాలేదు. వాళ్లను మారమని నేనైతే చెప్పను.

బడి పిల్లలకు ఆ బాధ లేదు కదా! కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్లుగా లినక్స్‌తోనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాయి. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ తయారుచేసిన ‘బాస్’ లినక్స్ కూడా ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు బడుల్లోని పాత కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేసేముందు ఒక్కసారి లినక్స్ ఎక్కించి చూడాలని కోరుతున్నాను.

– ఒక కంప్యూటర్ మెకానిక్, తెనాలి