ఇంట్లో కుక్క ఉందా అని అడిగిన డాక్టరు గారికి

మా అన్నయ్య 22 రోజుల తరువాత గత ఆదివారం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. మాకు అండగా నిలిచిన వారందరికీ విడివిడిగా ఫోన్ చేయడం సాధ్యం కాలేదు కనుక, కుటుంబం తరఫున ఇక్కడ కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

చాలా ఏళ్ల కిందట రోడ్డు ప్రమాదంలో చితికిపోయిన ప్లీహాన్ని (స్ప్లీన్) తీసివేశాక అన్నయ్య ఆరోగ్యంగానే ఉండడంతో ఆ సంగతే మరచిపోయాము. కూరగాయలు తరుగుతూ వేలు తెగితే ఆ గాయాన్ని మా పెంపుడు కుక్క నాకింది. ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నాం కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. నాలుగో రోజు పొద్దున చలిజ్వరం మొదలై, సాయంత్రానికి బీపీ పడిపోయి, కాళ్ల మీద ఊదారంగు మచ్చలు తేలాయి.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు గారు పొట్ట మీది పాత కుట్లను చూసి, ప్లీహం తీసేశారని తెలియగానే, "ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగారు. మనిషి స్పృహ తప్పుతుంటే కుక్క ఊసెందుకని నేను విసుక్కున్నాను. అందుకు ఆవిడకు క్షమాపణ కూడా చెప్పుకోవాలి. కుక్కల నోట్లో మామూలుగానే ఉండే క్యాప్నోసైటోఫాగా కానిమోర్సస్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యవంతులకు హాని చేయడం అరుదే గానీ, రక్తంలోని సూక్ష్మజీవులను వడకట్టే ప్లీహం లేనివారికి ఒక్క రోజులోనే ప్రాణం మీదికి తేగలదని ఆవిడ తరువాత వివరించారు. రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ రాత్రే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

రక్తపు స్లైడులో తెల్లకణాల లోపల సన్నని కడ్డీల వంటి బ్యాక్టీరియాను గుర్తించి అర్ధరాత్రి కబురు పంపిన మైక్రోబయాలజీ డాక్టరు గారికి, అది మెల్లగా పెరిగే రకమని తెలిసి కల్చర్ సీసాలను ఆరో రోజు దాకా కనిపెట్టుకొని ఉన్న ల్యాబ్ సిబ్బందికి, డయాలసిస్ నర్సులకు, ప్లేట్‌లెట్లు ఇచ్చిన అన్నయ్య సహోద్యోగులకు మా నమస్కారాలు. రెండు కాలివేళ్ల కొసలు పోయాయి, మనిషి దక్కారు.

కుక్కను వదిలించుకోమని బంధువులు పట్టుబట్టినప్పుడు, దానికి ఏ జబ్బూ లేదని, ఈ బ్యాక్టీరియాను దాని నోట్లోంచి పోగొట్టే టీకా ఏదీ లేదని, గాయాలనూ ముఖాన్నీ నాకనివ్వకూడదని, పన్ను గీరుకున్నా జ్వరం వచ్చేదాకా చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఓపికగా చెప్పిన పశువైద్యులు గారికి ప్రత్యేక ధన్యవాదాలు. ప్లీహం లేదని రాసిన కార్డు ఇప్పుడు అన్నయ్య పర్సులో ఉంది. ప్లీహం లేనివారికి ప్రమాదకరమైన వేరే బ్యాక్టీరియాల నుంచి కాపాడే న్యుమోకాకల్, మెనింగోకాకల్ టీకాలకు తేదీలు కూడా తీసుకున్నాము.

ఇన్నాళ్లూ కుక్కను తన దగ్గర ఉంచుకొని అన్నం పెట్టిన పక్కింటి పిన్నిగారికి ఎంత చెప్పినా తక్కువే. నిన్న తీసుకురావడానికి వెళితే, అది ఆవిడ గుమ్మం దాటి రానంటూ అక్కడే పడుకుంది.