ఆ షాకబ్జర్ల లింకు గురించి

అమ్మడూ,

బండిలో చప్పుడొస్తోందని రాత్రి నువ్వు పంపిన లింకు ఇప్పుడే తీరిగ్గా చూశాను. నీ స్విఫ్ట్‌కి ముందు చక్రాల దగ్గర కుదుపు తగ్గించే షాకబ్జర్లు రెండు, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు రెండు, మలుపులో బండి ఒరగకుండా చూసే లింక్ రాడ్లు రెండు, అన్నీ కలిపి కాంబో అంట, 14,800 ఎమ్మార్పీ కొట్టేసి 4,999 అంట, ఇంకా గంటన్నరే టైముందని పైన ఎర్రగా ఒక గడియారం. రాత్రి చూస్తే గంటన్నర, పొద్దున మళ్లీ తెరిస్తే మళ్లీ అదే గంటన్నర. నాన్నకి చూపిస్తే "వద్దని చెప్పు" అని ఒక్క మాట అనేసి షెడ్డుకి పోయాడు. ఆయన అంతే, ఎందుకు వద్దో చెప్పడు. మన స్పేర్ పార్టుల షాపు కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసేది, పాడైన సరుకు కంపెనీకి వాపసు పంపేది, కస్టమర్లతో మాటలు పడేది నేను కాబట్టి నేనే రాస్తున్నా. ఫోన్లో చెబితే "సరేలేమ్మా" అని పెట్టేస్తావు.

నేను ఆన్‌లైన్‌లో కొనొద్దనడం లేదు. డిస్కౌంటు ఉంటే చాలు దొంగ సరుకే అని కూడా అనను. ఎమ్మార్పీ మీద పది, పదిహేను శాతం మన కౌంటర్లోనే తీసేస్తాం, తెలిసిన మెకానిక్ వస్తే ఇంకొంచెం, కదలని స్టాకు అయితే ఇంకా తగ్గిస్తాం. కానీ మూడింట రెండొంతులు తగ్గించాక అమ్మేవాడికి ఏం మిగులుతుంది, కొరియర్‌కి ఏం మిగులుతుంది, ఆ యాప్ వాడికి కమిషన్ యాడ నుంచి వస్తుంది? పైగా కింద "జీఎస్టీ తగ్గింపు ఆఫర్" అని రాసుకున్నాడు. బండి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గిన మాట నిజమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి. అంటే 128 రూపాయలకి అమ్మింది 118 అయింది. వందకి ఎనిమిది రూపాయలు కూడా తగ్గదు. మిగతా తగ్గింపు ఏ ప్రభుత్వం ఇచ్చిందో వాడే చెప్పాలి.

నువ్వు "ఆఫ్టర్ మార్కెట్ అంటే డూప్లికేటే కదమ్మా" అన్నావు. కాదు. షోరూంలో మారుతి పేరుతో వచ్చే షాకబ్జర్ కూడా మారుతి వాళ్లు కూర్చుని చేసేది కాదు, సప్లయర్లు చేసిస్తారు. గాబ్రియేల్, మన్రో, కెవైబి లాంటి కంపెనీలు తమ సొంత పేరుతో, సొంత పెట్టెలో, సొంత వారంటీతో బయట అమ్మేదే ఆఫ్టర్ మార్కెట్. గాబ్రియేల్ ఇండియా 1961 నుంచి ఉంది, అది దొంగ సరుకెట్లా అవుతుంది? ఎవడో ఊరూపేరూ లేని చిన్న కంపెనీ "స్విఫ్ట్‌కి సరిపోతుంది" అని తన పేరే వేసుకుని అమ్మినా అది దొంగతనం కాదు, నాసిరకం అయితే కావచ్చు, అది వేరే సంగతి. ఒకడి సరుకు మీద ఇంకొకడి పేరు వేస్తే అదీ డూప్లికేట్. నువ్వు పంపిన దాంట్లో తమాషా ఏంటంటే, ఫోటోలో పెద్ద కంపెనీ పెట్టె ఉంది, కింద వివరాల్లో బ్రాండ్ అన్నచోట "జెనరిక్", అంటే ఏ కంపెనీ పేరూ లేనిది, పక్కనే "ఓఈఎం క్వాలిటీ", అంటే బండి కంపెనీకి వెళ్లే సరుకంత నాణ్యమైనదట. ఒరిజినల్ అని ఎక్కడా రాయలేదు చూడు. రేపు నువ్వు గొడవ పెట్టుకుంటే తప్పించుకోవడానికి వాడు ముందే దారి వేసుకున్నాడు. పార్ట్ నంబర్ కూడా లేదు. "అన్ని స్విఫ్ట్‌లకీ" అంట! నీది ఏ సంవత్సరందో, పెట్రోలో డీజిలో అడక్కుండా షాకబ్జర్ ఇచ్చేవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. రివ్యూలు కిందికి జరిపితే ఒకావిడ "కలర్ బాగుంది, మా పాపకి నచ్చింది" అని రాసింది. వేరే ఏదో వస్తువు పేజీని మార్చి దీనికి తగిలించారు.

సరే, కొనేటప్పుడు ఏం చూడాలంటే, ముందు అమ్మేవాడిని చూడు, తర్వాత వస్తువు. యాప్ పెద్దదే కావచ్చు, గోదాము వాళ్లదే కావచ్చు, సరుకు మాత్రం వాడిది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం అమ్మేవాడి పేరు, చిరునామా ఆ యాప్ చూపించి తీరాలి. అక్కడ జీఎస్టీ నంబర్ దొరికితే, లేకపోతే వాడినే అడిగి తీసుకుని, జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడు, లాగిన్ అక్కర్లేదు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మన ఆంధ్రకి 37, మీ కర్ణాటకకి 29. నంబర్ బతికుందో రద్దయిందో, ఏ పేరు మీద ఉందో, ఎప్పుడు తీసుకున్నారో అన్నీ కనిపిస్తాయి. మొన్నమొన్న మొదలై, ఫోన్ కవర్లూ చీరలూ షాకబ్జర్లూ అన్నీ అమ్మేవాడైతే వదిలెయ్. కంపెనీ వెబ్‌సైట్లో డీలర్ల జాబితా ఉంటే అందులో వాడి పేరుందో లేదో చూడు, లేకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టు. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర గుండుసూది కూడా కొనకు. బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే సరుకు ఏ రకందో చెప్పే నంబర్, 8708తో మొదలవ్వాలి, బండి విడిభాగాలది అది. అక్కడ ప్లాస్టిక్ సామానుదో ఇంకోటిదో కోడ్ ఉందంటే వాడికి ఈ వ్యాపారమే తెలియదన్నమాట.

పెట్టెని చూసి మాత్రం మోసపోకు. మీ నాన్న ఒరిజినల్ పెట్టె ఖాళీ అయిన వెంటనే హోలోగ్రామ్ దగ్గర అడ్డంగా చింపుతాడు గుర్తుందా, చిన్నప్పుడు బొమ్మరిల్లు కట్టుకుంటానని నువ్వు పెట్టెల కోసం ఏడ్చేదానివి. చింపేది ఎందుకంటే, చిరగని పెట్టెలకి మంచి రేటిచ్చి కొనుక్కుపోయేవాళ్లున్నారు. అట్టకి అంత రేటు ఎవరూ ఇవ్వరు కదా. అట్టాంటి పెట్టెలో ఏం కూర్చోబెట్టి ఏ ఊరికి పంపుతారో మనకేం తెలుసు, పైన పటారం లోన లొటారం. క్యూఆర్ కోడ్ కూడా అంతే, స్కాన్ చేస్తే కంపెనీ హోం పేజీ తెరుచుకుంటే సరిపోదు, ఆ ఒక్క పీసు నంబర్ రావాలి, రెండు పెట్టెల మీదా ఒకే నంబర్ వచ్చిందంటే అయిపోయినట్టే. పెట్టె మీద తయారుచేసినవాడి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబర్ ఉండాలి, బయటి దేశందైతే దిగుమతి చేసుకున్నవాడి పేరు, ఏ దేశమో కూడా. ఇది చట్టం. ఇవి లేనిది వచ్చిందంటే లోపల చూడనక్కర్లేదు. ఉన్నా లోపల చూడాల్సిందే. ఒంగోలు గిత్తని కొనేవాడు కొమ్ముల రంగు చూసి డబ్బులివ్వడు కదా, నోరు తెరిచి పళ్లు చూస్తాడు.

ఇప్పుడు లోపల. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యి, సీలు దగ్గర్నుంచి. షాకబ్జర్ ఒంటి మీద కొట్టిన నంబరూ పెట్టె మీద నంబరూ ఒకటేనా చూడు, దాన్నే కంపెనీ కేటలాగులో కొట్టి నీ మోడల్, నీ సంవత్సరం వస్తుందా చూడు. ముందు షాకబ్జర్లలో మామూలుగా కుడి వేరు, ఎడమ వేరు, రెండూ ఒకటే నంబర్ అయితే ఎందుకని అడుగు. తర్వాత కింద చక్రం వైపు బిగించే రెండు బోల్టు రంధ్రాలు ఉంటాయి. వాటి చుట్టూ వేలు పెట్టి తడుము. కొత్తదానికి పెయింట్ ఎక్కడా చెదరదు. బోల్టు తల కూర్చున్న గుండ్రటి గుర్తు పెయింట్ కింద చేతికి తగిలిందంటే అది ఏదో బండి కింద తిరిగొచ్చిన ముసలిది, నూనె మార్చి, నల్లరంగు కొట్టి పంపారు. ఈ రీకండిషన్ మాల్ డూప్లికేట్ కన్నా ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే కంపెనీ ముద్ర నిజమైనదే ఉంటుంది. రబ్బరు మీద రంగు చుక్కలు పడ్డాయా, అచ్చు వేసిన ముద్రలో పెయింట్ నిండిపోయిందా చూడు. రాడ్డు అద్దంలా ఉండాలి, తెల్లగుడ్డతో తుడిస్తే సీలు దగ్గర నల్లటి జిడ్డు రాకూడదు.

గ్యాస్ షాకబ్జర్ అని అమ్మితే రాడ్డుని లోపలికి నొక్కి వదులు, దానంతటదే మెల్లగా పైకి రావాలి. రాలేదంటే అది గ్యాస్‌ది కాదు, లేదా గ్యాస్ పోయింది. నూనెది మాత్రమే అయితే పైకి రాదు, అది తప్పు కాదు, నువ్వు ఏది కొన్నావో చూసుకో. ఇంకోటి, కొరియర్లో అడ్డంగా పడుకుని వస్తుంది కాబట్టి మొదట రెండుమూడు సార్లు నొక్కితే మధ్యలో పట్టు తప్పినట్టు ఉంటుంది. కంగారు పడకు, నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కు, గాలి సర్దుకుంటుంది. అప్పటికీ మధ్యలో వదులు వదులుగా జారుతుంటే అప్పుడు అనుమానించు. ఈ సంగతి తెలియక మంచి కంపెనీ సరుకుని డూప్లికేట్ అని మన కౌంటర్ మీద విసిరేసి పోయినవాళ్లున్నారు.

కాంబోలో ఆ లోయర్ ఆర్మ్‌లు ఉన్నాయి చూశావా, నాకు అసలు భయం వాటి గురించే. షాకబ్జర్ నాసిరకమైతే బండి ఊగుతుంది, బ్రేకు కొడితే ఇంకాస్త దూరం పోతుంది, టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతుంది. అదీ మంచిది కాదు గానీ ముందే తెలుస్తుంది. లింక్ రాడ్ పోతే టక టక చప్పుడు. లోయర్ ఆర్మ్ చివర చక్రాన్ని కలిపే కీలు, బాల్ జాయింట్ అంటారు, అది ఊడితే చక్రం అడ్డంగా మడత పడిపోతుంది, స్టీరింగ్ తిప్పినా వినదు. చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీల మధ్య అట్టా చక్రం మడిచి ఆగిపోయిన బండిని నాన్న తాడు కట్టి లాక్కొచ్చాడు, అది మెల్లగా పోతుండబట్టి సరిపోయింది. నువ్వేమో నాయుడుపేట దాటాక హైవే మీద నూట పది మీద వస్తావు, నాకు తెలీదనుకోకు. లోయర్ ఆర్మ్ మాత్రం షోరూంలోనో, పేరున్న కంపెనీ డీలర్ దగ్గరో బిల్లుతో తీసుకో, అక్కడ వెయ్యి రూపాయలు మిగిలినా నాకొద్దు. వైపర్లు, మ్యాట్లు, ఫోన్ స్టాండు నీ ఇష్టం, ఏ ఆఫర్‌లోనైనా కొనుక్కో.

ఆ కాంబో వద్దు. నాన్న అడిగి రాయమన్నాడు, చప్పుడు ఏ వైపు, మలుపులోనా స్పీడ్ బ్రేకర్ మీదా? ఒక్కోసారి పైన షాకబ్జర్ని బాడీకి పట్టే స్ట్రట్ మౌంట్ అరిగినా అదే చప్పుడొస్తుంది, షాకబ్జర్ బాగానే ఉంటుంది. అక్కడ మెకానిక్ చేత ముందు చూపించు. షాకబ్జరే మార్చాలంటే రెండు వైపులా ఒకేసారి, తర్వాత చక్రాల అలైన్‌మెంట్ తప్పకుండా. ఒకసారి బిగించాక గీతలు పడతాయి, రిటర్న్ తీసుకోరు, అందుకని బిగించకముందే అన్నీ చూసుకో, అది అయ్యేదాకా పెట్టె పారెయ్యకు. తేడా వస్తే యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి.

ఒకవేళ రాత్రే ఆర్డర్ పెట్టేసి నాకు చెప్పకుండా ఉంటే, నిన్నేం అనను, పార్సిల్ బయల్దేరకముందే క్యాన్సిల్ కొట్టు. ఆర్‌సీ ఫోటో, బండి కింద పాత షాకబ్జర్ మీద నంబర్ కనిపిస్తే దాని ఫోటో వాట్సాప్‌లో పెట్టు, సరైన పార్ట్ నంబర్ నేను తీసి పంపుతా, అది పెట్టి అక్కడ ముగ్గురిని రేటడుగు.

అమ్మ
ఒంగోలు